నేర్పే గంటకు పద్దు లేదు

ప్రతి నెలా 19వ తేదీ లోపు మా కంపెనీ తరఫున పన్నుల శాఖకు ఒక లెక్క పంపాలి. ఇంగ్లండులోని డెర్బీలో నేను పని చేసే పేరోల్ విభాగంలో ఆ పని నాది. ఆ లెక్కలో ఒక గడి ఉంటుంది: అప్రెంటిస్‌షిప్ లెవీ, అంటే ఉద్యోగంలో ఉంటూ పని నేర్చుకునేవాళ్ల శిక్షణ కోసం వేసే పన్ను. ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలు ఇచ్చే ప్రతి కంపెనీ, ఆ జీతాల మొత్తంలో అర శాతం ప్రభుత్వానికి కట్టాలి. ఏడాదికి 15,000 పౌండ్ల మినహాయింపు ఉంది కాబట్టి చిన్న కంపెనీలకు ఇది తగలదు. కోటి పౌండ్ల జీతాలిచ్చే కంపెనీ అయితే 35,000 కడుతుంది. 2017 ఏప్రిల్‌లో లెవీ మొదలైన నెల నుంచీ ఆ గడి నింపుతున్నాను.

మొదటి ఐదేళ్లు అది నాకు ఒక అంకె, అంతే. 2022 సెప్టెంబరులో మా అబ్బాయి పదహారేళ్లకు ఒక మెషినింగ్ వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. అప్పటి నుంచి ఆ గడి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి కాస్త ఆగుతుంది. ఈ డబ్బు ఎక్కడికి పోతోంది, ఎవరికి చేరుతోంది అని ఆలోచన మొదలవుతుంది.

మూడేళ్లుగా చదివి, అడిగి, కళ్లారా చూసి నాకు తెలిసింది చెబుతాను. ఈ డబ్బు పాఠం చెప్పే కాలేజీకి పోతుంది. చివర్లో పరీక్ష పెట్టే సంస్థకు పోతుంది. పిల్లవాడి పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని పని నేర్పే మనిషి సమయానికి మాత్రం ఇందులోంచి ఒక్క పెన్నీ కూడా పోదు. పోకూడదని నిబంధనే ఉంది. జీతాలకు, పర్యవేక్షణకు, ప్రయాణ ఖర్చులకు లెవీ డబ్బు వాడకూడదు. బ్రిటన్ అప్రెంటిస్‌షిప్‌ల మీద ఎన్ని కమిటీలు వేసినా, ఎన్నిసార్లు పేర్లు మార్చినా కుదురుకోకపోవడానికి అసలు కారణం ఇదే అని నా నమ్మకం.

మా నాన్న టర్నర్, లేత్ మిషన్ మీద లోహాన్ని చెక్కే పనివాడు. ఐటీఐ చదివి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో యాక్ట్ అప్రెంటిస్‌గా చేరారు. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద తీసుకునే కుర్రాళ్లను రైల్వేలో ఇప్పటికీ అలాగే పిలుస్తారు. చేరిన రోజు చార్జ్‌మన్ నాన్నను తీసుకెళ్లి ఒక మిస్త్రీ పక్కన నిలబెట్టి, "ఇక వీడు నీవాడు" అన్నారట. మొదటి నెలంతా ఆ మిస్త్రీ లేత్ మిషన్ మీద చెయ్యి వేయనివ్వలేదు. టూల్ బిట్ సానపట్టించారు. పట్టింది చూసి పక్కన పడేసి మళ్లీ పట్టించారు. ఆ తరవాత లేత్‌కు ఉండే పట్టు, చక్‌లో జాబ్, అంటే చెక్కాల్సిన ముక్క, బిగించడం, బిగించింది విప్పడం, మళ్లీ బిగించడం. నడుస్తున్న లేత్ శబ్దం విని, తల తిప్పకుండానే, టూల్ మొద్దుబారింది చూసుకో అనేవారట. నాన్న ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన గొంతులో భక్తి లాంటిది వినిపిస్తుంది.

ఈ మధ్య ఫోన్లో అడిగాను. "మీకు నేర్పినందుకు ఆయనకు అదనంగా ఏమైనా ఇచ్చేవారా నాన్నా?"

"డబ్బు సంగతి నాకు తెలీదమ్మా. నేను ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ ఆయనకు జాబులు మాత్రం తక్కువ వేసేవాళ్లు."

ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. జాబులు తక్కువ వేసేవాళ్లు. అంటే, ఒక మనిషి ఇంకొకరికి నేర్పుతున్నప్పుడు అతని చేతి పని తగ్గుతుందని ఆ వర్క్‌షాపుకు తెలుసు. తెలిసి, దానికి చోటిచ్చింది. లాలాగూడలో అన్నీ బాగున్నాయని నేను అనడం లేదు. అప్రెంటిస్‌షిప్ అయిపోయాక పర్మనెంట్ కోసం ఏళ్ల తరబడి ఎదురు చూసినవాళ్లు నాన్న స్నేహితుల్లోనే ఉన్నారు. నేర్పే విషయంలో మాత్రం ఆ ఒక్క ఏర్పాటు సరిగ్గా ఉంది.

మా వాడి సంగతికి వస్తాను. పదో తరగతి లాంటి జీసీఎస్ఈ పరీక్షల్లో వాడికి మార్కులు బాగానే వచ్చాయి. ఇంటర్ లాంటి ఎ-లెవెల్స్‌లో చేరి, తరవాత యూనివర్సిటీకి వెళ్లొచ్చు. వాడు వద్దన్నాడు. ఇంట్లో పాత సైకిల్ హబ్‌లు విప్పి బిగించే పిల్లవాడు వాడు. మేము ఒప్పుకున్నాం కానీ, ఒప్పుకోవడం తేలిక కాలేదు. ఆ ఏడాది సంక్రాంతికి నాటింగ్‌హామ్‌లో తెలుగువాళ్లమంతా కలిసినప్పుడు ముగ్గురు నలుగురు నన్ను పక్కకు పిలిచి, "ఏమైందండీ, చదువులో ఏమైనా ఇబ్బందా?" అని అడిగారు. ప్రేమతోనే అడిగారు. మనలో చాలామంది కుటుంబాలు ఒక డిగ్రీ పట్టుకునే ఇక్కడిదాకా వచ్చాయి. ఆ డిగ్రీ మెట్టు మీంచి పిల్లవాడు దిగుతున్నాడంటే భయమేస్తుంది. నాకూ వేసింది. ఆ ఏడాది ఇంగ్లండులో యూనివర్సిటీ ఫీజు ఏడాదికి 9,250 పౌండ్లు. అప్పు లేకుండా పని నేర్చుకుంటాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది సరైన కారణం కాదనిపిస్తుంది. వాడి చేతులకు ఆ పని ఇష్టం. ఆ కారణం చాలు.

ఈ దేశం కూడా మనలాగే భయపడుతుంది. 1999లో ప్రధాని టోనీ బ్లెయిర్ యువతలో సగం మందిని ఉన్నత విద్యకు పంపడమే లక్ష్యమన్నారు. రెండు దశాబ్దాల్లో ఆ లక్ష్యం చేరుకున్నారు. నేను డిగ్రీకి వ్యతిరేకిని కాదు, నా ఉద్యోగం దాని వల్లే వచ్చింది. ఆ మిగిలిన సగం కోసం అంత స్పష్టమైన లక్ష్యం ఎవరూ పెట్టలేదన్నదే నా బాధ. పెట్టినప్పుడేమో తలలు లెక్కపెట్టారు. 2020 కల్లా 30 లక్షల అప్రెంటిస్‌షిప్‌లు అన్నారు, అది చేరుకోలేదు.

వాడు మొదట చేరిన చోటు పేరు చెప్పను. చిన్న వర్క్‌షాపు. వారంలో ఒకరోజు కాలేజీ, నాలుగు రోజులు షాపులో. జీతం గంటకు 4 పౌండ్ల 81 పెన్నీలు, ఆ ఏడాది అప్రెంటిస్‌కు చట్టం చెప్పిన కనీసం. నాకు జీతం సంగతి పట్టలేదు, నేర్చుకునే రోజులు కదా అనుకున్నాను. రెండో నెలలో వాడు ఇంటికొచ్చి మాట్లాడటం తగ్గించాడు. మూడో నెలలో అడిగితే చెప్పాడు. పొద్దున ఇనుప పొట్టు ఊడ్వడం, ఆ తరవాత కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే ఒకే సీఎన్‌సీ మిషన్‌లో ఒకే రకం ముక్క పెట్టి, తలుపు వేసి, బటన్ నొక్కి, ముక్క తీయడం. రోజంతా అదే. ప్రోగ్రామ్ ఎవరు రాశారో, టూల్ ఎందుకు మార్చారో, ముక్క కొలత తప్పితే ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

వాడికి మెంటర్‌గా ఒక సెట్టర్, అంటే మిషన్లను పనికి సిద్ధం చేసే మనిషి, పేరు కాగితాల్లో ఉంది. ఆయనకు షిఫ్టుకు ఇన్ని ముక్కలని టార్గెట్ ఉంది. వాడు ఒకసారి ఏదో అడగబోతే, "నీకు చూపిస్తూ కూర్చుంటే నా ముక్కలు ఎవరు చేస్తారు?" అన్నాడట. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. లాలాగూడలో దానికి జవాబు ఉంది. అక్కడ లేదు.

కాలేజీ నుంచి ఒక కోచ్ పది పన్నెండు వారాలకోసారి వచ్చి కాగితాలు చూసుకుని వెళ్లేవాడు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అప్పటి నిబంధనల ప్రకారం అప్రెంటిస్‌కు వారానికి కనీసం ఆరు గంటలు పని పక్కన పెట్టి నేర్చుకునే సమయం ఇవ్వాలి. కాలేజీ రోజుతో అది తీరిపోయింది. అంటే చట్టం దృష్టిలో మా వాడికి ఏ లోటూ జరగలేదు. నేను అందరినీ చూడమనేది ఇక్కడే. ఆ ఆరు గంటలను కొలుస్తారు, లాగ్‌లో రాయిస్తారు, తనిఖీ చేస్తారు. వారంలో మిగిలిన ఇరవై ఆరు, ఇరవై ఏడు గంటలు, అసలు పని చేతికి పట్టే ఆ గంటలు, ఎవరి లెక్కలోకీ రావు. అక్కడ ఏం జరిగినా, ఏమీ జరగకపోయినా, కాగితం ఒకేలా ఉంటుంది.

2023 మే నెలలో వాడు మానేశాడు. ఇంగ్లండు లెక్కల్లో మధ్యలో వదిలేసినవాళ్ల వరసలో వాడూ ఒకడు. ఆ 2022-23 సంవత్సరంలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లు సగం కంటే కాస్తే ఎక్కువ. మరుసటి ఏడు 60 శాతం దాటింది, మెరుగే. అయినా పదిమందిలో నలుగురు చివరిదాకా రాని చదువు ఇంకేదైనా ఉంటే పార్లమెంటులో పెద్ద గొడవ అయ్యేది. పిల్లలకు నిలకడ లేదని, ఫోన్లు పాడు చేశాయని పెద్దవాళ్లు తేల్చేస్తారు. మా వాడు రోజూ పొద్దున ఐదున్నరకు లేచి రెండు బస్సులు మారి వెళ్లాడు. తొమ్మిది నెలలు వెళ్లాడు. నిలకడ లేదని వాణ్ణి ఎవరైనా అంటే నేను ఊరుకోను.

అదే సమయంలో మా ఆఫీసులో ఏం జరుగుతోందో చెబుతాను. లెవీ డబ్బు కంపెనీ పేరు మీద ఒక ఆన్‌లైన్ ఖాతాలో చేరుతుంది, అప్పట్లో ప్రభుత్వం దాని మీద మరో పది శాతం కలిపేది. అది శిక్షణకు వాడుకోవాలి. అప్పట్లో 24 నెలల్లో వాడకపోతే చేజారిపోయేది. గడువు దగ్గర పడుతున్న కొద్దీ ఏ కంపెనీలోనైనా టెన్షన్ మొదలవుతుంది. పదహారేళ్ల పిల్లల్ని తీసుకోవాలంటే వాళ్ల పక్కన కూర్చునే మనుషులు కావాలి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న ముప్పై, నలభై ఏళ్లవాళ్లను టీమ్ లీడర్ కోర్సులోనో మేనేజ్‌మెంట్ కోర్సులోనో చేర్చాలంటే ఎవరూ ఎవరి పక్కనా కూర్చోనక్కర్లేదు. డబ్బు ఎటు పారుతుందో వేరే చెప్పాలా? మేం చేసింది అదే, లెవీ కట్టే చాలా కంపెనీలు చేసింది అదే. టీమ్ లీడర్ కోర్సు దేశంలో ఎక్కువమంది చేరే అప్రెంటిస్‌షిప్‌లలో ఒకటైంది.

పేరోల్‌లో 25 ఏళ్ల లోపు అప్రెంటిస్‌కు నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద ప్రభుత్వానికి కట్టే సామాజిక భద్రతా చందా) కోడ్ హెచ్. ఆ కోడ్ పడితే ఒక హద్దు వరకు కంపెనీ తన వంతు నేషనల్ ఇన్సూరెన్స్ కట్టక్కర్లేదు. చిన్నవాళ్లను తీసుకోమని ఇచ్చిన మంచి ప్రోత్సాహం అది. మా జాబితాలో అప్రెంటిస్‌లుగా నమోదైన వాళ్లలో హెచ్ పడేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దేశం మొత్తం చూసినా ఇదే తీరు. 2023-24లో ఇంగ్లండులో అప్రెంటిస్‌షిప్ మొదలుపెట్టిన వాళ్లలో 19 ఏళ్ల లోపువాళ్లు నలుగురిలో ఒక్కరికన్నా తక్కువ. దాదాపు సగం మంది 25 దాటినవాళ్లు. మొత్తం సంఖ్య కూడా పడిపోయింది. లెవీకి ముందు, 2015-16లో, 5 లక్షల మందికి పైగా మొదలుపెట్టారు. 2023-24లో ఆ సంఖ్య 3,40,000 కూడా లేదు.

పెద్దవాళ్లు నేర్చుకోకూడదని నేను అనను. మా ఆఫీసులో నలభై దాటిన ఒకావిడ స్కూలు వదిలాక మొదటిసారి సర్టిఫికెట్ అందుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది, నేను పక్కనే ఉన్నాను. ఆవిడకు ఆ అవకాశం రావాల్సిందే. దానికి వేరే డబ్బు ఉండాలి. పదహారేళ్ల పిల్లవాడికి దక్కాల్సిన దాంట్లోంచి కాదు.

ఇంగ్లండుకు ఈ విద్య కొత్త కాదు, అందుకే నాకు ఇంత ఆవేదన. 1563లో మొదటి ఎలిజబెత్ రాణి కాలంలోనే చట్టం చేశారు. ఏడేళ్లు అప్రెంటిస్‌గా పని చేయకుండా ఎవరూ ఆ వృత్తి చేయకూడదు. 1814లో ఆ నిబంధన తీసేసేదాకా రెండున్నర శతాబ్దాలు అది నడిచింది. అప్పటి ఒప్పందపత్రం గురించి చదివినప్పుడు నాకు భలే నచ్చింది. ఒకే తోలు కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో వంకర టింకరగా పళ్లు పళ్లుగా కోసేవారు. ఒక సగం యజమానికి, ఒక సగం పిల్లవాడి వైపువాళ్లకు. రెండు సగాలు కలిపితే పళ్లు అతకాలి. పిల్లవాడు ఏం చేయాలో ఎంత వివరంగా ఉండేదో, యజమాని ఏం చేయాలో కూడా అంతే వివరంగా రాసి ఉండేది: తిండి, బట్ట, నీడ, వృత్తి రహస్యాలన్నీ నేర్పడం. ఆ రోజుల్లో పిల్లల్ని కొట్టినవాళ్లు, గొడ్డుచాకిరీ చేయించినవాళ్లు తక్కువేం కాదు. ఆ కాలం తిరిగి రావాలని నేను కోరడం లేదు. నేర్పడం అనేది ఒప్పందంలో సగం అని మాత్రం వాళ్లకు తెలుసు. మైకేల్ ఫారడే పద్నాలుగేళ్లకు లండన్‌లో ఒక పుస్తకాల బైండరు దగ్గర చేరి ఏడేళ్లు పని నేర్చుకున్నాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలను చదువుకునే వీలు ఆ యజమాని ఇవ్వబట్టే సైన్సులోకి దారి దొరికింది.

మా ఊళ్లో అందరూ తలుచుకునే హెన్రీ రాయిస్ సంగతి ఇంకా దగ్గరిది. 1908లో డెర్బీకి రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీ తెచ్చిన ఆ రాయిస్, 1878 ప్రాంతంలో పీటర్‌బరోలో గ్రేట్ నార్తర్న్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్. మా నాన్నలాగే రైల్వే కుర్రాడు! అప్పట్లో నేర్పినందుకు పిల్లవాడి ఇంటివాళ్లే డబ్బు కట్టాలి. రాయిస్ కోసం వాళ్ల పిన్ని కట్టింది. మూడేళ్లకు ఆవిడ దగ్గర డబ్బు అయిపోయింది, అప్రెంటిస్‌షిప్ మధ్యలోనే ఆగిపోయింది. అంత చేయి తిరిగిన పనివాడు కూడా మన లెక్కల ప్రకారం మధ్యలో మానేసినవాడే.

నేర్పేవాడి సమయానికి ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. పంతొమ్మిదో శతాబ్దంలో కుటుంబం పెట్టింది. లాలాగూడలో రైల్వే పెట్టింది, మిస్త్రీకి జాబులు తగ్గించి. ఇప్పటి బ్రిటన్‌లో ఎవరూ పెట్టడం లేదు. ఆ ఖర్చు లేనట్టే అందరూ నడుచుకుంటున్నారు. ఇక అది సెట్టర్ మీద, చిన్న వర్క్‌షాపు యజమాని మీద, చివరికి పిల్లవాడి మీద పడుతుంది.

యజమానులకు ఇప్పటికే డబ్బు ఇస్తున్నాం కదా అని కొందరు అంటారు. నిజమే, 16 నుంచి 18 ఏళ్ల అప్రెంటిస్‌ను తీసుకుంటే ఇంగ్లండులో 1,000 పౌండ్లు ఇస్తారు. నాలుగేళ్లకు దగ్గర పడే కోర్సుకు వెయ్యి పౌండ్లు! ఒక నైపుణ్యం ఉన్న టూల్‌మేకర్ సమయం దాంతో ఎన్ని రోజులు వస్తుంది? పైగా అది యజమాని ఖాతాలో పడుతుంది, దేనికి వాడారో అడిగేవాళ్లు లేరు. మళ్లీ డబ్బిస్తే కంపెనీలు తినేస్తాయి అన్న భయం కూడా నాకు అర్థమవుతుంది. 1983లో వచ్చిన యూత్ ట్రైనింగ్ స్కీమ్‌ను ఈ ఊళ్లో పెద్దవాళ్లు చౌక కూలీ పథకంగానే గుర్తు పెట్టుకున్నారు. అందుకే నేను అడిగేది యజమానికి ఇంకో వెయ్యి కాదు, నేర్పిన గంటకు డబ్బు. అప్రెంటిస్ ఎలాగూ ప్రతి వారం లాగ్ రాస్తున్నాడు. అందులో ఇంకో కాలమ్ పెట్టండి: ఈ వారం నా పక్కన నిలబడి ఎవరు, ఏది, ఎంతసేపు నేర్పారు. పిల్లవాడు రాయాలి, నేర్పినవాడు సంతకం పెట్టాలి. ఆ గంటలకు లెవీలోంచి కట్టండి. దొంగ సంతకాలు పడవా అంటే పడతాయి, ఆరు గంటల లాగ్‌లో ఇప్పుడు పడటం లేదా? తనిఖీ చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లు ఇంకో కాలమ్ కూడా చూస్తారు.

ఇది ఎక్కడా లేని కోరిక కూడా కాదు. ఇక్కడే నిర్మాణ రంగంలో 1964 చట్టం కింద పుట్టిన శిక్షణ బోర్డు ఇంకా బతికే ఉంది. అలాంటి బోర్డులను చాలా వరకు 1980లలో రద్దు చేశారు. మిగిలిన ఈ బోర్డు తన రంగంలో వేరే లెవీ వసూలు చేసి, అప్రెంటిస్‌ను పెట్టుకున్న చిన్న బిల్డర్‌కు ఏటా 2,500 పౌండ్లు నేరుగా ఇస్తూ వచ్చింది. ఒక మేస్త్రీకి ఆ డబ్బుతో కాస్త ఊపిరి ఆడుతుంది. జర్మనీలో అయితే పిల్లలకు నేర్పే మనిషికి నేర్పడం వచ్చని ముందు పరీక్ష పెడతారు. బ్రిటన్‌లో మెంటర్ అని కాగితం మీద ఒక పేరు రాస్తే సరిపోతుంది.

2025లో కొన్ని మార్పులు వచ్చాయి. అప్రెంటిస్‌షిప్ కనీస కాలాన్ని పన్నెండు నెలల నుంచి ఎనిమిదికి తగ్గించారు. అన్నిటికంటే పై మెట్టయిన ఏడో లెవెల్ కోర్సులకు 2026 జనవరి నుంచి దాదాపుగా 22 ఏళ్ల లోపువాళ్లకే ప్రభుత్వ డబ్బు అని తేల్చారు. రెండోది మంచి పని, మనసారా మెచ్చుకుంటాను. మొదటిది నాకు అర్థం కాలేదు. లాలాగూడలో టూల్ సానపట్టడానికే ఒక నెల పట్టింది.

మన తెలుగువాళ్లకు ఇందులో ఇంకో సంబంధం ఉంది, చాలామందికి తెలియదు. లెవీ మొదలైన ఆ 2017 ఏప్రిల్‌లోనే వర్క్ వీసా మీద మనుషులను తెచ్చుకునే కంపెనీల మీద ఒక స్కిల్స్ చార్జ్ పెట్టారు. మా మరిది 2019లో మాంచెస్టర్ వచ్చినప్పుడు అతని కంపెనీ ఏడాదికి 1,000 పౌండ్ల లెక్కన కట్టింది. ఇక్కడి పిల్లలకు నైపుణ్యం నేర్పకుండా బయటివాళ్లను తెచ్చుకుంటున్నారు కాబట్టి ఆ ఖర్చు మీరే భరించండి అన్నది దాని వెనకున్న వాదన. వాదన నాకు న్యాయంగానే అనిపించింది. ఆ డబ్బు మాత్రం శిక్షణకంటూ విడిగా ఉండదు, ఖజానాలో కలిసిపోతుంది. వేలమంది తెలుగు కుర్రాళ్ల పేరు మీద వసూలైన సొమ్ము అది. మా వాడి లాంటి పిల్లల పక్కన నిలబడే మనిషికి దాంట్లోంచి ఒక గంట జీతం వచ్చి ఉంటే, మేం ఈ దేశానికి ఏం ఇచ్చామో చూపించుకోవడానికి మాకూ ఒకటి ఉండేది.

వేసవి సెలవులయ్యాక, 2023 సెప్టెంబరులో, మా వాడు ఇంకో చోట చేరాడు. పద్నాలుగు మంది పనిచేసే టూల్‌రూమ్, పనిముట్లు, అచ్చులు తయారు చేసే చోటు. అక్కడ అరవై దాటిన ఒక టూల్‌మేకర్ ఉన్నాడు, పదహారేళ్లకే పనిలో చేరినవాడు. మొదటి వారం వాడి చేతికి ఒక ఆకురాయి, ఒక ఇనుప దిమ్మ ఇచ్చి, దీన్ని చదరంగా అరగదియ్యి అన్నాడట. మిషన్‌లో పది నిమిషాల పని. వాడు నాలుగు రోజులు అరగదీశాడు. మూలమట్టం పెట్టి వెలుతురుకేసి చూస్తే సందు కనిపించకూడదు. కనిపిస్తే మళ్లీ. వీడియో కాల్‌లో ఆ దిమ్మను వాళ్ల తాతయ్యకు చూపిస్తే, నాన్న కళ్లద్దాలు తుడుచుకుని ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు. "మాకూ ఐటీఐలో ఇదేరా మొదటి జాబ్" అన్నారు. వాడు ఆ పెద్దాయన్ని పేరు పెట్టి పిలుస్తాడని తెలిసి మాత్రం నాన్నకు మింగుడు పడలేదు. ఉస్తాద్‌ను పేరు పెట్టి పిలుస్తారా అని ఇప్పటికీ అంటారు.

ఆ షాపు యజమాని ఒక సాయంత్రం తల్లిదండ్రులను పిలిచి షాపంతా చూపించాడు. నేను పేరోల్‌లో పని చేస్తానని తెలిసి మనసు విప్పి మాట్లాడాడు. మిషన్ గంటకు ఇంత అని ఆయన కస్టమర్లకు బిల్లు వేస్తాడు. మొదటి ఏడాది ఆ పెద్దాయన వారంలో రోజున్నర మా వాడి పక్కనే గడిపాడు. ఆ రోజున్నరకు బిల్లు లేదు. కాలేజీ ఫీజు ప్రభుత్వమే కడుతుంది, దానికి ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఈ రోజున్నరే బరువు. అందుకే ఒక అప్రెంటిస్ పని అంతా నేర్చుకుని నిలదొక్కుకునేదాకా ఇంకొకరిని తీసుకోవాలంటే భయం అన్నాడు. దేశంలో ఇలాంటి చిన్న షాపులు ఎన్ని ఉన్నాయో, వాటిలో నేర్పగలిగిన పెద్దవాళ్లు ఎందరు ఇంకో ఐదేళ్లలో రిటైర్ అవుతారో ఆలోచించండి. వాళ్ల చేతుల్లో ఉన్నది ఏ కాలేజీ సిలబస్‌లోనూ లేదు.

ఆ భయంతోనే, అయినా, 2025 సెప్టెంబరులో ఆయన ఒక పదహారేళ్ల అమ్మాయిని తీసుకున్నాడు. పెద్దాయన ఇప్పుడు వారానికి మూడు రోజులే వస్తున్నాడు. మిగతా రెండు రోజులు ఆ అమ్మాయి మా వాడి పక్కన. వాడికి మూడో ఏడు, వాడి పని వాడికి ఉంది. మొన్న గురువారం రాత్రి భోజనం చేసి లాప్‌టాప్ ముందు కూర్చుని వాడు లాగ్ నింపుకుంటున్నాడు. పొద్దున రెండు గంటలు ఆ అమ్మాయికి సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్ పట్టుకోవడం చూపించాడట. బిగించి తిప్పేస్తుంటే వేళ్ల మీద చెయ్యి వేసి ఆపి, క్లిక్ మనే దాకా వదులుగా తిప్పమని చెప్పాడట. దానివల్ల వాడి జాబ్ సాయంత్రానికి పూర్తి కాలేదు, గంటన్నర ఎక్కువ ఉండి చేసి వచ్చాడు.

"అమ్మా, ఈ రెండు గంటలు ఎందులో రాయాలి?" అని అడిగాడు. పక్కకు వెళ్లి స్క్రీన్ చూశాను. కాలేజీకి ఒక కాలమ్ ఉంది, ఆన్‌లైన్ పాఠానికి ఒకటి, సొంతంగా చదివినదానికి ఒకటి. పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూశాను. మా ఆఫీసులో నేను వాడే కోడ్లన్నీ గుర్తు చేసుకున్నాను. వాడు నా వైపు చూస్తూ కూర్చున్నాడు.